వెతకండి... తీసేయండి... ముగించండి!

చైత్ర పున్నమి అనగానే మన కరీంనగర్ దిక్కు చిన్న హనుమాన్ జయంతి గుర్తొస్తుంది. మాల విరమణకు వచ్చే స్వాములతో కొండగట్టు కిటకిటలాడుతుంది. దాదాపు అదే పున్నమికి యూదులకు పస్కా పండుగ మొదలవుతుంది. వాళ్ల నీసాను నెల, మన చైత్ర మాసం రెండూ చంద్రుణ్ని బట్టి నడిచేవే. అధికమాసాల లెక్కలో ఎప్పుడైనా నెల తేడా వస్తుంది కానీ, చాలా ఏండ్లు రెండు పండుగలూ కలిసే వస్తాయి. 2025లో రెండూ ఏప్రిల్ 12నే వచ్చాయి.

ఈ పండుగకు ముందు యూదుల ఇండ్లల్లో పెద్ద పని ఉంటుంది. అల్మారాలు, అంగీ జేబులు, పిల్లల స్కూలు బ్యాగులు, కారు సీట్ల సందులు అన్నీ వెతుకుతారు. ఫ్రీజర్‌ను పూర్తిగా ఖాళీ చేసి, మంచు కరిగించి, తలుపు రబ్బరు మడతల్లో ఇరుక్కున్న రొట్టె నలుసులను కూడా తుడిచేస్తారు.

ఎందుకంత పట్టుదల? ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన రాత్రి, పిండి పులిసేంత సమయం కూడా లేక పులియని రొట్టెలతోనే తమ పూర్వీకులు బయల్దేరారని వాళ్ల నమ్మకం. మన దగ్గర చర్చికి వెళ్లేవాళ్లందరికీ నిర్గమకాండంలోని ఈ కథ తెలిసిందే. ఆ జ్ఞాపకంగా ఇజ్రాయెల్‌లో 7 రోజులు, మిగతా దేశాల్లో చాలామంది 8 రోజులు పులిసినదేదీ ముట్టరు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే 5 ధాన్యాలతో చేసి, పులిసిన ప్రతిదీ నిషేధమే. పొంగిన రొట్టె, బిస్కెట్, కేకు, బీరు ఏదైనా అంతే. తినకపోతే చాలదు, అది ఇంట్లోనే ఉండకూడదు. పండుగకు తినే మత్సా అనే పులియని రొట్టెను, పిండిలో నీళ్లు పడ్డ క్షణం నుంచి 18 నిమిషాల్లో కాల్చడం పూర్తవ్వాలి. దాటితే పులిసినట్టే లెక్క.

ఇది మనకు మరీ దూరపు సంగతేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. వాళ్లూ పస్కా చేసుకుంటారు. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి ఎందరో ఇజ్రాయెల్ వెళ్లి వృద్ధుల ఇండ్లలో కేర్‌గివర్లుగా పనిచేస్తున్నారు. 2023 నాటికి అక్కడున్న సుమారు 18,000 మంది భారతీయుల్లో ఎక్కువమంది ఆ పనిలోనే ఉన్నారు. అక్కడ బతుకమ్మ ఆడే మన ఆడబిడ్డలు ఆ వంటిండ్లలో పస్కా ముందటి హడావుడిని కళ్లారా చూస్తున్నారు.

ఆ పండుగ మనది కాకపోవచ్చు. కానీ ఆ శుభ్రం వెనక ఉన్న పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. పని మొదలుపెట్టడం చాలామందికి వచ్చు, ముగించడం కొద్దిమందికే వచ్చు. పస్కా శుభ్రం ముగించడం నేర్పుతుంది. హద్దు పెట్టుకుని, తేదీ పెట్టుకుని, వెతికి, తీసేసి, చివరికి ‘అయిపోయింది’ అని నోరారా చెప్పడం నేర్పుతుంది. బతుకులో వెనకబడ్డ పనులన్నింటికీ ఇంతకన్నా మంచి శిక్షణ లేదని నా గట్టి నమ్మకం.

వాయిదాల పెట్టె

ఇప్పుడు జమ్మికుంటలో మన ఇంటి ఫ్రీజర్ తలుపు తీద్దాం.

ముందు మీగడ డబ్బా కనిపిస్తుంది. నెయ్యి కాచుదామని రోజుకో చెంచా వేస్తూపోతే అంచుదాకా నిండి, పైన పసుపు రంగు పొర కట్టింది. దాని వెనక వానాకాలంలో ఒలిచిపెట్టిన మక్క గింజలు, పోయినేడు చింతచిగురు, శివరాత్రి నాటి కొబ్బరి చిప్పలు ఉన్నాయి. ఐస్‌క్రీం డబ్బాలో అల్లం వెల్లుల్లి ముద్ద ఉంది. అట్టడుగున మంచులో కూరుకుపోయి ఒక నల్ల కవరు. అందులో ఉన్నది కోడికూరో, చేప ముక్కలో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

“అత్తమ్మా, ఈ కవర్ల ఏమున్నది?”

“ఏమో బిడ్డా, నువ్వే పెట్టినవనుకున్న.”

“నేను పెట్టలే. పారేద్దామా మరి?”

“ఉండనియ్ తియ్. ఎందుకన్న అక్కరకొస్తది.”

ఈ మాటలు వినపడని ఇల్లు ఉండదు. ‘ఎందుకన్న అక్కరకొస్తది’ అన్న క్షణంలో ఒక నిర్ణయం వాయిదా పడింది. తినాలా, పారేయాలా అన్న చిన్న ప్రశ్నకు జవాబు చెప్పే బదులు తలుపు మూసేశాం. ఫ్రీజర్ అంటే మనం తీసుకోని నిర్ణయాలను దాచే పెట్టె.

శాస్త్రం కూడా ఇదే మాట చెబుతుంది. ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగడం ఆగిపోతుంది. కానీ చాలావరకు చావవు. బయటికి తీసి కరగనిస్తే మళ్లీ లేస్తాయి. మనం పక్కన పెట్టిన సమస్య సంగతీ అంతే. తమ్మునితో తేల్చుకోని పొలం గెట్టు పంచాయితీ, తిరిగి ఇవ్వని చేబదులు, డాక్టరుకు చూపించుకోని మోకాలి నొప్పి ఏవీ వాటంతటవే పోవు. చల్లబడతాయి. బయటికి వచ్చిననాడు పెట్టినప్పటి లెక్కనే ఉంటాయి, లేదా ఇంకా ముదిరి ఉంటాయి.

ఇంకో సంగతి. తలుపు తెరిచిన ప్రతిసారీ బయటి తేమ గాలి లోపలికి పోయి, చల్లటి గోడకు తగిలి మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు మందం పెరిగేకొద్దీ చలి లోపలికి అందదు. కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. పక్కన పెట్టిన పనులకు కూడా రోజూ ఇలాగే ఖర్చు పెడుతూ ఉంటాం. పొద్దున లేవగానే గుర్తొచ్చే ‘ఆ పని అట్లనే ఉన్నది’ అన్న బరువే ఆ ఖర్చు. చేయని పని కూడా అలసట తెస్తుంది. ఏ పనీ చేయకుండానే సాయంత్రానికి నీరసపడిపోయేవాళ్లలో చాలామందిని అలసగొట్టేది ఇదే.

మరి ఈ పెట్టెను ఖాళీ చేసేదెట్లా? పస్కా పద్ధతిలోంచి 5 సూత్రాలు తీసుకుందాం.

1. ముందు హద్దు గీయండి

‘ఈసారి ఇల్లంతా సాపు చేయాలె’ అని లేచినవాళ్లు మధ్యాహ్నానికి అటక మీది పాత పెళ్లి ఫొటోలు చూస్తూ కూర్చుంటారు. సాయంత్రానికి ఇల్లు పొద్దున్నకన్నా ఆగమాగంగా ఉంటుంది. హద్దు లేని పనికి ఇదే గతి.

యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాను సుమారు 1,800 ఏండ్ల కిందట కూర్చారు. అందులో పస్కా అధ్యాయం మొదట్లోనే రెండు నియమాలు ఉన్నాయి. మొదటిది: పులిసిన పదార్థం ఎన్నడూ తీసుకెళ్లని చోటును వెతకాల్సిన పనిలేదు. రెండోది ఇంకా ముచ్చటైనది: వెతికిన గదిలోకి ముంగిసలాంటి జంతువేదో పక్కింటి నుంచి రొట్టె ముక్క ఈడ్చుకొచ్చిందేమో అని శంక పెట్టుకోకూడదు. అట్లా శంకిస్తే ఇంటి నుంచి ఇంటికి, వాకిలి నుంచి వాకిలికి, ఊరి నుంచి ఊరికి అనుమానం పాకుతూనే ఉంటుంది, దానికి అంతు ఉండదు.

ఇంత కట్టుదిట్టమైన సంప్రదాయం కూడా ‘ఇక్కడిదాకా చాలు’ అని గీత గీసింది. ఇండ్లల్లో కిటికీలు, కర్టెన్లు అంటూ మొదలుపెట్టి అలసిపోయేవాళ్లకు ‘దుమ్ము పులిసిన పిండి కాదు కదా’ అని వాళ్ల మతగురువులైన రబ్బీలు ఏటా గుర్తుచేస్తుంటారు.

మీరూ గీత గీయండి. ఈ ఆదివారం ఫ్రీజర్ ఒక్కటే, కింది అరలు కావు. ఈ నెల బ్యాంకు కాగితాలు మాత్రమే, భూమి కాగితాలు వచ్చే నెల. ఏది చేస్తున్నారో రాసుకోండి. దాని కింద ఏది చేయడం లేదో కూడా రాసుకోండి. ఆ రెండో జాబితానే మీకు ధైర్యం ఇస్తుంది.

2. తేదీ కట్టుకోండి

పస్కా శుభ్రం ‘వీలైనప్పుడు’ చేసేది కాదు. పండుగకు 30 రోజుల ముందు నుంచే దాని నియమాలు చదువుకోవడం మొదలుపెట్టాలని వాళ్ల ఆనవాయితీ. పండుగకు ముందటి రాత్రి చివరి వెతుకులాట. తెల్లారి మధ్యాహ్నం కాకముందే మిగిలినదంతా కాల్చేయాలి. ఆ గడియ దాటితే మరో అవకాశం లేదు. ఎవరినీ బతిమాలే వీలు లేదు.

తేదీల విలువ మన పెద్దలకూ తెలుసు. మన దిక్కు జీతగాని ఒప్పందం ఉగాది నుంచి ఉగాదికి నడిచేది. కౌలు లెక్కలూ ఆ పూటకే తేలేవి. పత్తి సీజన్ అయిపోయి మార్కెట్ పలచబడ్డాక, అడ్తి లెక్క చూసుకుని, బాకీ కట్టి, కొత్త ఏడాదిలో అడుగుపెట్టాలన్నది జమ్మికుంట చుట్టుపక్కల రైతు కుటుంబాల పాత క్రమశిక్షణ. బతుకమ్మకు ముందు బూజు దులిపి, గోడలకు సున్నం, గడపకు జాజు పెట్టుకోవడమూ ఇట్లాంటిదే. పెత్రమాస వచ్చేస్తోందంటే పని దానంతటదే ఊపందుకుంటుంది.

కాబట్టి మీ పనికి ఒక పండుగను ముడిపెట్టండి. ‘మార్చి నెలాఖరు’ అని పెట్టుకుంటే జరుపుతాం. ‘ఉగాదికి’ అని పెట్టుకుంటే జరపలేం. పండుగ మన కోసం ఆగదు, ఇంటికి చుట్టాలు వస్తారు, పిల్లలు అడుగుతారు. పది మంది కండ్ల ముందు వచ్చే తేదీకి ఉన్న బలం మనసులో పెట్టుకున్న తేదీకి ఉండదు.

3. దీపం పట్టి వెతకండి

పండుగకు ముందటి రాత్రి ఇంట్లో లైట్లు ఆపి, చిన్న కొవ్వొత్తి వెలుగులో మూలమూలా వెతుకుతారు. చేతిలో పక్షి ఈక, చెక్క చెంచా ఉంటాయి. దొరికిన నలుసును ఈకతో చెంచాలోకి నెడతారు. ఇప్పుడు చాలామంది టార్చిలైటు కూడా వాడుతున్నారు.

కొవ్వొత్తే ఎందుకు? పెద్ద వెలుగులో గదంతా ఒక్కసారి కనిపిస్తుంది, కంటికి ఏదీ ఆనదు. చిన్న దీపం ఒక్క మూలనే చూపిస్తుంది. ఆ మూల అయ్యాకే ఇంకో మూల. మనసు పెట్టడమంటే ఇదే. సగం ఫోన్, సగం పనితో కూర్చున్నవాళ్లకు కనిపించనివి, ఫోన్ పక్క గదిలో పెట్టి అరగంట కూర్చున్నవాళ్లకు కనిపిస్తాయి.

ఇంకో అందమైన ఆచారం ఉంది. వెతకడానికి ముందు ఇంట్లోవాళ్లే 10 చిన్న రొట్టె ముక్కలను కాగితంలో చుట్టి అక్కడక్కడా దాచిపెడతారు. ఇల్లు అప్పటికే శుభ్రంగా ఉంటుంది కనుక, వెతికేవాళ్లకు ఏదో ఒకటి దొరకాలి కదా! పిల్లలు సంబరంగా పరుగెత్తుతారు. పది దొరికేదాకా ఎవరూ వదలరు. పెద్ద పనిని ముక్కలు చేసి, లెక్క పెట్టుకుని, దొరికిన ప్రతిదానికీ సంతోషపడడం ఎట్లాగో అక్కడి పిల్లలు ఈ ఆటలోనే నేర్చుకుంటారు. మీరూ అంతే చేయండి. ‘కాగితాలు సర్దాలె’ అనకండి. ‘ఈ పూట 10 కాగితాలు తేల్చాలె’ అనండి.

ఫ్రీజర్ పనే తీసుకుంటే, దాన్ని చేసే తీరు ఇది:

— శుభ్రానికి ముందు వారం కొత్తగా ఏమీ లోపల పెట్టకండి. ఉన్నవి వాడుకుంటూ రండి.

— ప్లగ్గు తీసేయండి. తలుపు తెరిచిపెట్టి మంచును దానంతటదే కరగనివ్వండి. కింద పాత తువ్వాళ్లు పరవండి. తొందరపడితే లోపల ఒక గిన్నెలో వేడినీళ్లు పెట్టండి, మంచు మీద మాత్రం పోయకండి.

— మంచు చెక్కడానికి చాకు, స్క్రూడ్రైవర్ వాడకండి. గోడ వెనకే గ్యాస్ గొట్టాలుంటాయి. ఒక్క పోటు పడితే ఫ్రిజ్ మూలనపడుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే గ్యాస్ మంట అంటుకునే రకం.

— గోరువెచ్చని నీళ్లలో కాస్త వంటసోడా కలిపి గుడ్డతో తుడవండి. చల్లటి గాజు అరల మీద వేడినీళ్లు పోస్తే పగులుతాయి, వాటిని ముందు మామూలు వేడికి రానివ్వండి.

— తలుపు రబ్బరు మడతలను పాత టూత్‌బ్రష్‌తో గీకండి. నలుసులు, నల్లటి బూజు ఎక్కువగా ఉండేది అక్కడే. తర్వాత ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూయండి. లాగితే సులువుగా జారివస్తే రబ్బరు పట్టు పోయిందని అర్థం.

— తిరిగి లోపల పెట్టేవాటి మీద పేరు, తేదీ రాయండి. రాయని కవరుకు లోపల చోటు లేదు.

మంచు కరిగేందుకు పట్టే ఆ రెండు మూడు గంటల ఓపిక కూడా ఒక పాఠమే. గడ్డకట్టినదాన్ని పొడిచి తీయాలనుకుంటే దాని వెనకున్న గొట్టం పగులుతుంది. ఏండ్ల నాటి పంచాయితీ తేల్చాల్సి వస్తే మొదటి రోజే లెక్కలు బయటికి తీయకండి. ముందు చాయ్‌కి పిలవండి. నాలుగు మంచి మాటలతో కరగనివ్వండి, ఆ తర్వాతే అసలు సంగతి ఎత్తండి.

4. బయటికి 4 దారులు పెట్టుకోండి

వెతకడంతో పని అయిపోదు. దొరికినదాన్ని ఏం చేయాలన్నది ముందే తెలియాలి. పస్కాకు ముందు దొరికినదానికి 4 దారులున్నాయి: తినేయాలి, ఇచ్చేయాలి, అమ్మేయాలి, కాల్చేయాలి. అయిదో దారి లేదు. ‘తర్వాత చూద్దాం’ అన్నది ఆ జాబితాలో లేనే లేదు.

అమ్మకం విషయం వింటే ఆశ్చర్యం వేస్తుంది. పారేస్తే నష్టపోయే దుకాణదారులు, ఇండ్లవాళ్లు తమ సరుకును పండుగ రోజులకు యూదేతరులకు రాతపూర్వకంగా అమ్మేస్తారు. పండుగ అయ్యాక తిరిగి కొనుక్కుంటారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం కూడా తన గోదాముల్లోని పులిసిన సరుకును ఇట్లాగే అమ్ముతుంది. అబూ ఘోష్ అనే ఊరికి చెందిన ఒక అరబ్బు హోటల్ ఉద్యోగి ఎన్నో ఏండ్లు ఆ సరుకును ప్రభుత్వం నుంచి కొన్నాడు. ఆ దేశంలో 1986 నుంచి ఒక చట్టం కూడా ఉంది. దాని ప్రకారం పండుగ రోజుల్లో పులిసిన పదార్థాలను అమ్మకానికి బహిరంగంగా ప్రదర్శించకూడదు. సూపర్‌మార్కెట్లలో ఆ అరలకు ప్లాస్టిక్ పరదాలు కడతారు.

మీ ముందున్న వాయిదా పనులకూ ఈ 4 దారులు సరిపోతాయి.

తినేయండి: పది నిమిషాల్లో అయ్యే పనిని అక్కడికక్కడే చేసేయండి. గ్యాస్ కనెక్షన్ కేవైసీ, బడి ఫీజు రశీదు, బ్యాంకు ఖాతాకు నామినీ పేరు లాంటివన్నీ లేచిన చోటే అయ్యే పనులు.

ఇచ్చేయండి: మీకన్నా బాగా చేసేవాళ్లకు అప్పజెప్పండి. ఇంట్లో డిగ్రీ చదివే బిడ్డకు ఆన్‌లైన్ దరఖాస్తులు ఇవ్వండి. ఆమెకు బాధ్యత వస్తుంది, మీకు బరువు తగ్గుతుంది.

అమ్మేయండి: ఇప్పుడు నిజంగా చేయలేనిదాన్ని కాగితం మీద పెట్టి, తేదీ వేసి పక్కకు జరపండి. ‘ఇంటి మీద రెండో అంతస్తు దసరా తర్వాత’ అని రాశాక ఇక దాన్ని తలుచుకోకండి. తేదీ వేసిన వాయిదా మోసం కాదు. అది కూడా ఒక నిర్ణయమే.

కాల్చేయండి: ఇక ఎన్నటికీ చేయరని మీకే తెలిసినదాన్ని వదిలేయండి. ఏండ్లుగా ముట్టని కుట్టుమిషను, పాసవ్వని కోర్సు పుస్తకాలు, ఎన్నడో ఎవరో అన్న ఒక మాట. ముఖ్యంగా ఆ మాట. ఇరవై ఏండ్ల కిందటి పెండ్లిలో మర్యాద తక్కువైందని మేనమామ ఇంటికి పోనివాళ్లు మన చుట్టూ ఎందరు లేరు! అన్నవాడు మరిచిపోయి ఉంటాడు, పడ్డవాళ్లే దాచుకుంటారు. దానికి నిప్పు పెట్టండి.

5. నోరారా చెప్పి ముగించండి

ఇది అన్నింటికన్నా ముఖ్యం.

వెతుకులాట అయ్యాక ఇంటి పెద్ద ఒక ప్రకటన చేస్తాడు. నా కంట పడకుండా, నేను తీయకుండా ఇంట్లో ఇంకా ఏ పులిసిన నలుసైనా మిగిలి ఉంటే, అది ఇక నాది కాదు, దానికి విలువ లేదు, మట్టితో సమానం అన్నది దాని సారాంశం. తెల్లారి కాల్చాక ఇంకోసారి అంటారు. ఆ ప్రకటన అరమాయిక్ భాషలో ఉంది. ఒకప్పుడు అది ఆ జనం మాట్లాడుకునే భాష. అర్థం తెలియకుండా అంటే ఫలం లేదని, రాకపోతే సొంత భాషలోనే చెప్పుకోవాలని పెద్దలు చెబుతారు.

ఇందులో ఎంత లోతుందో చూడండి. వారాలకొద్దీ తుడిచారు, దీపం పట్టి వెతికారు. అయినా ఎక్కడో ఒక నలుసు మిగిలే ఉంటుందని ముందే ఒప్పుకున్నారు. ఆ నలుసు కోసం రాత్రంతా మేలుకోమనలేదు. చేయగలిగింది చేశాక మిగిలినదాని మీది హక్కును, బెంగను వదులుకోమన్నారు. ఆ తర్వాత కూర్చుని పండుగ చేసుకోమన్నారు.

మనలో రెండు రకాల మనుషులున్నారు. ఒకరు వెతకకుండానే ‘అంతా మంచిగనే ఉన్నది’ అంటారు. ఇంకొకరు ఎంత వెతికినా ‘ఇంకేదో మిగిలింది’ అని నలుగుతారు. మొదటివాళ్లకు దీపం కావాలి. రెండోవాళ్లకు ఈ ప్రకటన కావాలి. పరీక్ష రాసి వచ్చి రాత్రంతా కీ పేపర్ చూసుకుంటూ ఏడ్చే పిల్లలు, బిడ్డ పెండ్లి బ్రహ్మాండంగా చేసి కూడా ‘అప్పడాలు తక్కువపడ్డయి’ అని నెలలకొద్దీ కుమిలే తల్లులు, పంట అమ్మేశాక మర్నాడు ధర పెరిగిందని నిద్రపోని రైతులు ఈ రెండో రకమే. వాళ్లు సోమరులు కారు. కష్టజీవులు. వాళ్లకు రానిది ముగించడమే.

వాళ్లకు చెప్పేది ఒక్కటే. పని అయ్యాక గట్టిగా, మీ భాషలో, ఇంట్లోవాళ్లకు వినపడేటట్లు అనండి: “నాకు చేతనైనంత చేసిన. ఇగ ఇది అయిపోయింది.” మనసులో అనుకుంటే చాలదు. మనసు మళ్లీ తవ్వుతుంది. నలుగురి ముందు అన్న మాటకు కట్టుబడతాం.

ఒక్కరి నడుము మీద వేయకండి

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఫ్రీజర్ శుభ్రమైనా, బతుకమ్మ ముందటి బూజైనా, ఉగాది భక్ష్యాల పిండైనా మన ఇండ్లల్లో ఎవరి మీద పడుతోంది? ఇల్లాలి మీద. ఆమె పొద్దుగాల బీడీలు చుట్టి, పత్తి ఏరి, ఆఫీసుకు పోయి వచ్చినా సరే, పండుగ పని ఆమెదే. పండుగ పూట అందరూ కొత్త బట్టలు కట్టుకుని భోజనానికి కూర్చుంటే, ఆమె నడుము పట్టుకుని గోడకు ఒరిగి ఉంటుంది.

ఈ బాధ యూదుల ఇండ్లలోనూ ఉన్నదే. పండుగ రాత్రి విందుకు ఇల్లాలు అలసి సోలిపోయి కూర్చోకూడదని అక్కడి పెద్దలు హెచ్చరిస్తుంటారు. చివరి రాత్రి వెతుకులాటలో మాత్రం ఇంటాయన, పిల్లలు, తాతలు అందరూ దీపం చుట్టూ చేరతారు. మనం నేర్చుకోవాల్సింది ఆ అలవాటే, అది కూడా చివరి రాత్రికి మాత్రమే కాదు, మొదటి రోజు నుంచి.

మగవాళ్లారా, ఫ్రీజర్ ప్లగ్గు మీరు తీయండి. తువ్వాళ్లు మీరు పిండండి. పిల్లల చేత కవర్ల మీద తేదీలు రాయించండి. ‘సాయం చేస్తున్న’ అనకండి. ఇల్లు అందరిది, పనీ అందరిదే. ఇంట్లో ఒకరి అలసట మీద నిలబడ్డ శుభ్రం శుభ్రం కాదు.

ఉగాది నుంచి నవమిదాకా

మన దగ్గరే చక్కటి గడువు ఉంది. ఉగాది పాడ్యమి నాడు. ఇల్లందకుంట రాములవారి కల్యాణం నవమి నాడు. రెండూ కలుపుకుని మామూలుగా 9 రోజులే. ఆ 9 రోజుల్ని ఇట్లా వాడుకోండి.

మొదటి రోజు పంచాంగ శ్రవణం అయ్యాక ఒక కాగితం తీసుకుని, వాయిదా వేసినవన్నీ రాయండి. దాచకండి, ఎవరికీ చూపించే పనిలేదు. రెండో రోజు హద్దు గీయండి. ఆ జాబితాలోంచి 5 మాత్రమే ఎంచుకుని మిగతావాటి పక్కన ‘వచ్చే పండుగకు’ అని రాయండి. మూడో రోజు ఆ అయిదింటికీ దారి రాయండి: తినేయాలా, ఇచ్చేయాలా, అమ్మేయాలా, కాల్చేయాలా.

నాలుగు నుంచి ఎనిమిదో రోజు దాకా రోజుకొకటి చేయండి. ఉత్త అరగంట చాలు, కానీ ఫోన్ పక్క గదిలో ఉండాలి. అందులో ఒకటి వస్తువు కావాలి, ఫ్రీజర్ అయితే మరీ మంచిది (మంచు కరిగే సమయం ఆ అరగంట లెక్కలోకి రాదు). ఒకటి డబ్బు సంగతి కావాలి. ఒకటి ఆరోగ్యం సంగతి కావాలి. ఒకటి మనిషి కావాలి: మాట్లాడటం మానేసిన మనిషికి ఒక ఫోన్. అయిదోది మీ ఇష్టం.

మనిషికి ఫోన్ చేసేటప్పుడు భయమేస్తుంది. వేయనివ్వండి. “అన్నా, ఉగాది శుభాకాంక్షలు. నవమికి ఇల్లందకుంటకు వస్తున్నరా?” అని అడిగితే చాలు. మిగతాది కరుగుతుంది. ఒకవేళ అవతలివాళ్లు పలకకపోయినా మీ వంతు మీరు చేశారు. ఇక ఆ బరువు మీది కాదు.

తొమ్మిదో రోజు కల్యాణం చూసి వచ్చి, పానకం తాగి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పండి: ఈ 5 పనులు అయినయి. మిగిలినవి వచ్చే పండుగకు. అప్పటిదాకా వాటి గురించి నేను తలుచుకోను, మీరూ నాకు గుర్తుచేయకండి.

ఇట్లా ఒక్కసారి ముగించినవాళ్లకు తమ మాట మీద తమకే నమ్మకం కలుగుతుంది. ఆత్మవిశ్వాసం పుస్తకాలు చదివితే రాదు, ఉపన్యాసాలు వింటే రాదు. చేస్తానన్నది చేసి, అయిపోయిందని చెప్పగలిగిన రోజున వస్తుంది. ఆ నమ్మకంతో దసరాకు ఇంకో 5 పనులు ముగించవచ్చు, సంక్రాంతికి ఇంకో 5. ఏడాది తిరిగేసరికి మీరు కొత్త మనిషి కానక్కర్లేదు. పని ముగించే మనిషి అయితే చాలు.

కాగితం, కలం తీసుకోండి. మొదటి పేరు ఇప్పుడే రాయండి.